1–5–6–4 మంత్రోపదేశం

పాట రాయాలనుకునేవాడికి ఈ రోజుల్లో అందుతున్నంత సాయం చరిత్రలో ఎవరికీ అందలేదు. ప్రేమించి దెబ్బతినక్కర్లేదు. ఊరు విడిచి దిగులుపడక్కర్లేదు. ఎవడి మీదా కడుపుమంట పెట్టుకోనక్కర్లేదు. వాయిదాల మీద కొన్న గిటారు ఒకటి, ఫోను నిలబెట్టడానికి స్టాండు ఒకటి ఉంటే చాలు. మిగతాది కార్డాచార్యులవారు చూసుకుంటారు.

ఆచార్యులవారంటే ఒక మనిషి కాదు, ఒక తెగ. లాస్ ఏంజెలెస్‌లో ఉంటారు, లండన్‌లో ఉంటారు, అమీర్‌పేటలో పైథాన్ కోచింగ్ పక్క మెట్లెక్కినా దొరుకుతారు. ఎక్కడున్నా వెనక గోడ మాత్రం ఒకటే: వేలాడే గిటార్లు, ఊదారంగు లైటు, ఎందుకిచ్చారో తెలియని ఒక షీల్డు. బోధ కూడా ఒకటే. హిట్టయిన పాప్ పాటల్ని విప్పి చూడు, వాటి కింద నడిచే కార్డ్స్ వరస రాసుకో, ఆ వరస మీద నీదీ ఒకటి కట్టు. పాటల రచన వచ్చేసినట్టే!

కార్డ్ అంటే తెలియనివారి కోసం ఒక్క ముక్క. స, గ, ప మూడింటినీ ఒకేసారి మోగిస్తే అదొక కార్డ్. శంకరాభరణం స్వరాల్లో దేన్నుంచి మొదలుపెట్టినా ఒకటి విడిచి ఒకటి చొప్పున మూడేసి పేర్చుకుంటూ పోతే మొత్తం ఏడు కార్డ్స్ తయారవుతాయి. స మీద కట్టింది ఒకటో నంబరు, మ మీదిది నాలుగు, ప మీదిది ఐదు, ద మీదిది ఆరు. ఇక మంత్రం వినండి: 1–5–6–4. సి శ్రుతిలో వాయిస్తే సి, జి, ఏ మైనర్, ఎఫ్. చూడ్డానికి ఏటీఎం పిన్ నంబరులా ఉంటుంది. ఆచార్యులవారు చెప్పేదీ అదే, నొక్కితే డబ్బులొస్తాయని.

సాక్ష్యాలకేం లోటు లేదు. 1970లో బీటిల్స్ ‘లెట్ ఇట్ బీ’ ఈ వరసతోనే మొదలవుతుంది. బాబ్ మార్లే ‘నో వుమన్ నో క్రై’ ఇదే. జర్నీ బృందం 1981లో పాడిన ‘డోంట్ స్టాప్ బిలీవిన్’ మొదలయ్యేది ఇలాగే. యూ2 వాళ్లు 1987లో ‘విత్ ఆర్ వితౌట్ యూ’ పాటంతా ఈ నాలుగింటి మీదే నడిపించేశారు. 2011లో అడెల్ ‘సమ్‌వన్ లైక్ యూ’ పల్లవికొచ్చేసరికి మళ్లీ ఇదే. ఆచార్యులవారు ఒక్కో పాటా వాయించి తొడ చరుస్తారు. శిష్యుడు నోరు తెరుస్తాడు, నోట్‌బుక్కు కూడా తెరుస్తాడు. అక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, అది మాత్రం అడగడు. ఇవన్నీ ఒకటే వరస అయినప్పుడు, ఇవన్నీ ఒకటే పాట ఎందుకు కాలేదండీ?

ఈ ‘రహస్యం’ బయటపడిన తీరు ఇంకా ముచ్చటైనది. ఆస్ట్రేలియాలో ‘ది ఆక్సిస్ ఆఫ్ ఆసమ్’ అని ముగ్గురు హాస్యగాళ్ల బృందం ఉండేది. 2009 ప్రాంతంలో వాళ్లు వేదిక మీద నాలుగంటే నాలుగే కార్డ్స్ తిప్పుతూ, వాటి మీద డజన్లకొద్దీ హిట్ పాటల ముక్కలు ఒకదాని వెంట ఒకటి పాడారు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. కార్డాచార్యులవారు కూడా చూశారు. ఆయన నవ్వలేదు, నోట్సు రాసుకున్నారు. వేళాకోళం సిలబస్ అయిపోయింది.

ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఆచార్యులవారి వ్యాపారం ఆ రోజే మూతపడేది. కింద వరస ఏమీ మారలేదు. పైన ట్యూను, మాట మారగానే హాల్లో ఉన్నవాళ్లంతా ‘అరె, ఇది ఆ పాట’ అని ఠక్కున పట్టేశారు. ఏ పాటకి ఆ పాటని గుర్తుపట్టించింది కార్డ్స్ కావన్నమాట. పాట గుర్తంతా పైన ఉందని ఆ ముగ్గురూ నవ్విస్తూ రుజువు చేస్తే, కింద ఉన్నదాన్ని తవ్వుకుని ఆచార్యులవారు ఇంటికి పట్టుకుపోయారు.

రెండో పాఠం భావోద్వేగాలు. ఒకటో కార్డ్ అంటే ఇల్లు చేరడం. ఐదు అంటే ఎదురుచూపు. ఆరు మైనర్ కాబట్టి విషాదం. నాలుగు అంటే ఆశ. భరతముని నాట్యశాస్త్రమంతా రాసి కూడా ఎనిమిది రసాల దగ్గర ఆగాడు. వీరు కార్డుకో రసం చొప్పున పంచి, పట్టికని పీడీఎఫ్ చేసి, మొదటి వందమందికి రాయితీ ప్రకటించారు.

ఈ పట్టిక ఎంత గట్టిదో చూద్దాం. 1993 మార్చిలో ఇంగ్లండ్‌లోని వారింగ్టన్ ఊళ్లో ఐరిష్ సాయుధ సంస్థ ఐఆర్‌ఏ పెట్టిన బాంబులకి ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఐర్లండ్‌కి చెందిన క్రాన్‌బెరీస్ బృందం గాయని డొలొరెస్ ఓ రియోర్డన్ ఆ కడుపుకోతకి మండిపడి ‘జాంబీ’ రాసింది. 1994లో విడుదలైంది. మన మంత్రాన్నే ఆరు నుంచి మొదలుపెట్టి తిప్పితే వచ్చే 6–4–1–5 వరస మీద దాదాపు ఆ పాటంతా నడుస్తుంది. ఇరవై మూడేళ్ల తర్వాత, 2017లో, ప్యూర్టో రికో గాయకుడు లూయీస్ ఫోన్సీ ‘డెస్పసీటో’ పాడాడు. అమ్మాయిని మెల్లమెల్లగా దగ్గరికి రమ్మనే సరసం అది. ప్రపంచమంతా నడుం ఊపింది. కార్డ్స్? శ్రుతి వేరు, వరస అదే, 6–4–1–5. చనిపోయిన పిల్లల కోసం పెట్టిన కేకకీ, సముద్రపు ఒడ్డున వేసిన చిందుకీ ఒకే నాలుగు కార్డ్స్ సరిపోయినప్పుడు, ఆరో కార్డ్‌లో ఉన్న విషాదం రెండోసారి ఎక్కడికి పోయిందో ఆచార్యులవారు ఏ మాడ్యూల్‌లో చెబుతారు?

ఒక కోర్టు కథ కూడా ఉంది. మార్విన్ గే 1973లో పాడిన ‘లెట్స్ గెట్ ఇట్ ఆన్’ పాటని ఎడ్ షీరన్ తన ‘థింకింగ్ అవుట్ లౌడ్’ కోసం కాపీ కొట్టాడని ఆ పాట సహరచయిత ఎడ్ టౌన్సెండ్ వారసులు న్యూయార్క్‌లో దావా వేశారు. తగాదాలో ప్రధానంగా నలిగింది నాలుగు కార్డ్స్ వరసే. ఒక కచేరీలో షీరన్ తన పాటలోంచి గే పాటలోకి హాయిగా జారిపోయిన వీడియోని వాదులు పెద్ద రుజువుగా చూపించారు. షీరన్ సాక్షి బోనులో గిటారు పట్టుకుని, ఇలాంటి వరసలు ఎన్ని పాటల్లో ఉన్నాయో వాయించి వినిపించాడు. అవి పాటలు కట్టేవాళ్లందరి ఉమ్మడి సామగ్రి అని, ఎవరి జాగీరూ కాదని అతని తరఫు వాదన. 2023 మే 4న జ్యూరీ అతని పాట అతను స్వతంత్రంగా కట్టుకున్నదేనని తేల్చింది.

జాజ్ వాద్యకారులకి ఈ సంగతి కోర్టుకి వెళ్లకుండానే తెలుసు. జార్జ్ గెర్ష్విన్ 1930లో కట్టిన ‘ఐ గాట్ రిథమ్’ కార్డ్స్‌ని వాళ్లు అలాగే ఉంచి, పైన లెక్కలేనన్ని కొత్త ట్యూన్లు కట్టుకున్నారు. ఆ వరసకి ‘రిథమ్ ఛేంజెస్’ అని పేరే పడిపోయింది. కింద నేల ఒకటే అయినా చార్లీ పార్కర్ వాయించింది చార్లీ పార్కర్‌దే అయింది. అలాంటి అందరి సొత్తుని ఆచార్యులవారు ప్యాకెట్లు కట్టి, బంగారు రంగు లేబులు వేసి అమ్ముతున్నారు. గాలి అమ్మితే అనుమతులు అడిగే మున్సిపాలిటీ ఉంటుందేమో గానీ, దీనికి ఎవరూ లేరు.

లెక్కలంటే ఇష్టపడేవాళ్లకి ఒక చిన్న లెక్క. ఏడు కార్డ్స్‌తో నాలుగేసి వరసలు వేస్తే, ఒకే కార్డ్ మళ్లీ మళ్లీ రావచ్చనుకున్నా, వచ్చేవి 2,401. ఒక సెలవుల్లో అన్నీ వాయించేయొచ్చు. ఇక ట్యూన్ల సంగతి. 2020లో డేమియన్ రీల్, నోవా రూబిన్ అనే ఇద్దరు ఎనిమిది స్వరాలతో పన్నెండు స్వరాల పొడవున్న ట్యూన్లు ఎన్ని సాధ్యమో అన్నీ కంప్యూటరు చేత పుట్టించి, ట్యూన్ల మీద దావాలు ఎంత వెర్రివో చూపడానికి వాటిని జనానికి ఉచితంగా వదిలేశారు. మొత్తం 6,871 కోట్ల పైచిలుకు. అన్నీ ఒక హార్డ్ డిస్కులో పట్టేశాయి. ఆ డిస్కులో పాట ఒక్కటీ లేదు. ఎందుకంటే వాటిలో ఏది ఉంచాలో, ఏది పారేయాలో, ఏ స్వరం మీద ఊపిరి ఆపాలో చెప్పే మనిషి అందులో లేడు. అన్ని కోట్ల ట్యూన్లకే పట్టని అదృష్టం, 2,401 వరసల్లోంచి ఏరిన ఒక్కదానికి పడుతుందని కోర్సు హామీ!

మనవాళ్లలో కొందరు మరీ ముచ్చటపడి అంటుంటారు: ‘మనకి కార్డ్స్ లేవు కదా, అందుకే మన పాట వెనకబడింది’ అని. అయ్యా, కార్డ్ అన్న మాటే వినకుండా త్యాగరాజు వందలాది కృతులు కట్టాడు. అది పక్కన పెట్టండి, తాళ్లపాక రాగిరేకుల దగ్గరికి రండి. ఈ మొత్తం వాదానికి అంతకంటే గట్టి జవాబు ప్రపంచంలో ఇంకెక్కడా లేదని నా నమ్మకం.

అన్నమయ్య 15వ శతాబ్దపు మనిషి. ఆయన రాసిన సంకీర్తనలు 32 వేలని ప్రతీతి, దొరికినవి 12 వేలకు పైగా. రాగిరేకుల మీద చెక్కి తిరుమల ఆలయంలో దాచారు. ఆ రేకుల మీద కీర్తన సాహిత్యం ఉంది. పైన రాగం పేరు ఉంది. స్వరం లేదు, అంటే ఆయన ఎలా పాడాడో లేదు. రాగం పేరు నాలుగు కార్డ్స్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చెబుతుంది: ఎలా ఎక్కాలో, ఎలా దిగాలో, ఏ స్వరం దగ్గర నిలవాలో, దేన్ని ఊపాలో, దేన్ని ముట్టుకుని వదిలేయాలో. అంత చెప్పినా ఆ పేరు పట్టుకుని అన్నమయ్య పాడిన ట్యూను తిరిగి తెచ్చినవాడు ఒక్కడూ లేడు. తేవడం కుదరదు. 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ, తర్వాత గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ లాంటివాళ్లు కూర్చుని కొత్తగా బాణీలు కట్టాల్సి వచ్చింది. ఈ రోజు మనం వింటున్నవి చాలావరకు అలా కట్టినవే, ఒకే కీర్తనకి రెండు మూడు బాణీలున్న సందర్భాలూ ఉన్నాయి. రాగం పేరు తెలిసినా పాట చేతికి రాని దేశంలో పుట్టి, 1–5–6–4 తెలిస్తే వచ్చేస్తుందంటే నమ్ముతున్నాం చూశారా, మన విశాల హృదయానికి దండం పెట్టాలి.

ఇంకో పెద్దాయన పేరు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 17వ శతాబ్దంలో వేంకటమఖి స్వరాల్ని లెక్కగట్టి 72 మేళాల పట్టిక వేశాడు. వేసి, తన కాలంలో వాడుకలో ఉన్నవి వాటిలో 19 మాత్రమేనని తనే చెప్పాడు. ఆ పట్టిక తర్వాతి తరాల వాగ్గేయకారులకి ఎంతో పనికొచ్చింది. కానీ ఆయన దాన్ని ‘72 రోజుల్లో వాగ్గేయకారుడు’ అన్న పేరుతో బయటపెట్టలేదు. మార్కెటింగ్ తెలియని అమాయకుడు.

మరి పాటలు కట్టినవాళ్లు ఎలా కట్టారు? పాప్ సంగీతంలో అందరికీ తెలిసిన ‘యస్టర్‌డే’ సంగతే తీసుకోండి. పాల్ మెకార్ట్‌నీకి ఆ ట్యూను నిద్రలో వచ్చింది. లేచి పియానో దగ్గరికెళ్లి దానికి కార్డ్స్ వెతుక్కున్నాడు. ముందు ట్యూను, తర్వాత కార్డ్స్, ఈ క్రమం గుర్తుంచుకోండి. ఎవరి పాటనో తెలియకుండా ఎత్తేశానేమోనని భయపడి, కనిపించినవాళ్లనల్లా ‘ఇది మీరెక్కడైనా విన్నారా’ అని అడిగాడు. మాటలు దొరికేదాకా కోడిగుడ్డు పొరటు గురించి ఏదో పిచ్చి మాట పెట్టుకుని పాడుకుంటూ తిరిగాడు. మన సినిమావాళ్లు దీన్నే డమ్మీ లిరిక్ అంటారు. 1965లో వచ్చిన ఆ పాటలో చరణం ఏడు బార్లే, అంటే ఏడు తాళపు ఆవర్తాలే, ఉంటుంది. నాలుగు కార్డ్స్ గానుగ తిప్పేవాడి చేతిలోంచి ఏడు బార్ల చరణం జన్మలో రాదు. నాలుగు, ఎనిమిది, పదహారు, అంతే. మనిషి మాట ఎక్కడ అయిపోయిందో అక్కడ ఆగే హక్కు ఆ గానుగలో లేదు.

అన్నట్టు మెకార్ట్‌నీకి పాశ్చాత్య స్వరలిపి చదవడం రాదు. అమెరికా పాటకి పితామహుడి లాంటి ఇర్వింగ్ బెర్లిన్‌కీ రాదు. ఆయన పియానో మీద ఎక్కువగా నల్ల మెట్ల మీదే వాయించేవాడు, శ్రుతి మార్చాల్సి వస్తే మీట తిప్పితే మారే ప్రత్యేకమైన పియానో పెట్టుకున్నాడు. వీళ్లు అజ్ఞానులు కాబట్టి గొప్పవాళ్లయ్యారని నేననడం లేదు, ఆ వాదం ఇంకో రకం మోసం. వాళ్ల చెవి కొన్ని వేల పాటలు మింగి కూర్చుంది. ఆచార్యులవారి శిష్యుడు పాట మింగడు, దాని ఎక్స్‌రే తీసి దాచుకుంటాడు.

మన సినిమా సిట్టింగ్ చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. సంగీత దర్శకుడు తననన అంటూ ట్యూను పాడతాడు. పాటల రచయిత వేళ్ల మీద మీటరు లెక్కపెట్టుకుంటాడు, ఎక్కడ గురువు, ఎక్కడ లఘువు, ఎక్కడ గాయకుడికి ఊపిరి అందుతుంది అని. ‘సార్, ఇక్కడ కింద నాలుగో కార్డ్ పడుతోందా?’ అని అడిగిన రచయిత గురించి నేనెప్పుడూ వినలేదు. ‘సందర్భం ఏమిటి? పాడేది ఎవరు? ఎవరితో?’ అని అడుగుతాడు. ఎవరు ఎవరితో ఎందుకు చెబుతున్నారన్న ఆ మూడు ముక్కలూ ఏ కార్డ్ చార్టులోనూ ఉండవు.

శిష్యుడి తొలి పాట ఎలా ఉంటుందో మీకు వినకుండానే చెప్పగలను. కార్డ్ మారిన ప్రతి చోటా ట్యూను దాని కాళ్ల మీద పడుతుంది. స మీద కార్డ్ వస్తే గొంతు స మీద, ప వస్తే ప మీద, తాళం తప్పకుండా హాజరు పట్టీ వేసినట్టు. సాహిత్యం కూడా నాలుగు గళ్లలో నింపబడుతుంది: నువ్వే, రావే, లేవే, పోవే. ‘ఎందుకు పోయిందిరా?’ అని మనం అడిగితే వాడికి తెలియదు. ఐదో కార్డ్ తర్వాత ఆరు వచ్చింది కాబట్టి పోయింది.

కార్డ్స్ నేర్చుకోవడమే తప్పా అని ఎవరైనా నిలదీస్తే, కాదనే చెబుతాను. ఇళయరాజా మద్రాసులో ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం శ్రద్ధగా నేర్చుకున్నాడు, ట్రినిటీ కాలేజీ గిటారు పరీక్ష కూడా పాసయ్యాడు. ఆ చదువు ‘సాగర సంగమం’ లాంటి చిత్రాల్లో వాద్యాల మధ్య సంభాషణగా మనకి వినిపిస్తుంది. అది నాలుగు అంకెలు కంఠస్థం పట్టడం కాదు. స్వరాలు ఒకదానితో ఒకటి ఎందుకు పడతాయో, ఎప్పుడు పడవో ఏళ్లతరబడి చెవితో తేల్చుకోవడం. పైగా అతను ఆ తరగతికి వెళ్లేనాటికే అన్న పావలర్ వరదరాజన్ వెంట ఊరూరా తిరిగి జనం మధ్య పాడి వచ్చినవాడు.

ఆచార్యులవారికి నిజంగా పనికొచ్చే ఉదాహరణ ఒకటుంది, ఆయన వాడుకోవడం లేదు కాబట్టి నేనే ఇస్తున్నాను. 1967లో ఫ్రాన్సులో క్లాడ్ ఫ్రాంస్వా ‘కోమ్ దాబిట్యూడ్’ అని ఒక పాట పాడాడు. దానికి ఇంగ్లీషు సాహిత్యం రాసే పని అప్పటికి ఎవరికీ తెలియని కుర్రాడు డేవిడ్ బౌయీకి వచ్చింది. రాశాడు. తిప్పికొట్టారు. అదే ట్యూనుకి పాల్ అంకా వేరే మాటలు రాయగా ఫ్రాంక్ సినాట్రా 1969లో ‘మై వే’ అని పాడాడు, అది లోకమంతా మోగిపోయింది. బౌయీకి ఒళ్లు మండింది. ఆ పాట మొదటి కార్డ్స్‌ని పోలిన వరసే తీసుకుని, వెక్కిరింపుగా మొదలుపెట్టి, అక్కణ్ణుంచి తన దారిన తాను ఎటో ఎగిరిపోయి 1971లో ‘లైఫ్ ఆన్ మార్స్?’ కట్టాడు. ఆల్బమ్ అట్ట మీద ఫ్రాంకీ స్ఫూర్తితో అని చేత్తో రాసి మరీ చురక అంటించాడు. వరస అరువుదే, ఒప్పుకుంటాను. మరి ఆ మంట? తిరస్కారం తిన్న కుర్రాడి ఉక్రోషం ఏ నంబరు కార్డ్? దాన్ని మాడ్యూల్‌గా పెట్టి అమ్మితే నేనూ చేరతాను.

అందాకా పాట రాయాలని మనసున్న పిల్లలకి చెప్పేదొక్కటే. మీకు పిచ్చిగా నచ్చిన పాటలు పది, కార్డ్స్‌తో పనిలేకుండా, పూర్తిగా గొంతెత్తి పాడటం నేర్చుకోండి. ఎక్కడ ఊపిరి తీయాల్సి వస్తోందో చూసుకోండి. తర్వాత మీకు నిజంగా ఒళ్లు మండించినదాని మీదో, నిద్ర పట్టనివ్వనిదాని మీదో ఒక పల్లవి అనుకుని, గిటారు ముట్టుకోకుండా పాడి చూడండి. బాగోకపోతే ఇంకొకటి. కార్డ్స్ ఏమిటో ఆ తర్వాత వెతుక్కోవచ్చు, పక్కింటి కీబోర్డు కుర్రాడైనా పెట్టిస్తాడు. ఇప్పటికే కోర్సుకి డబ్బు కట్టేసినవాళ్లు రిఫండ్ గడువు ఎప్పటిదాకా ఉందో ఈ రాత్రే చూసుకోండి. అందులోని నాలుగు అంకెలూ నేను పైన ఉచితంగానే రాసేశాను.